ఇంకో ఆకు రానీ

ముందే ప్రమాణం చేస్తున్నాను. నంద్యాల చుట్టూ ఉన్న తొమ్మిది నందుల మీద ఒట్టు, నా నర్సరీలో ఉన్న ప్రతి కుండీ మీద ఒట్టు, అప్పటికీ నమ్మకపోతే మా ఆవిడ మీద ఒట్టు. ఇక్కడ రాసిందంతా అక్షరాలా నిజం. ఆళ్లగడ్డ రోడ్డులో నా నర్సరీ ముందు ఆగిన ప్రతివాడికీ ఏదో ఒక కథ చెప్పి మొక్క అంటగడతానని ఊరందరికీ తెలుసు. నిమ్మమొక్క కొన్నవాడికి దాని నీడన కూర్చుంటే పంటినొప్పి పోతుందని చెప్పాను. ఒక మాస్టారికి గులాబీ అమ్ముతూ, అది రోజూ ఎవరి గొంతు వింటే వాళ్లవైపే తిరిగి పూస్తుందన్నాను. పాపం, ఆయన నెల రోజులు దాని ముందు కూర్చుని ఎక్కాలు అప్పజెప్పాడు. అదంతా వ్యాపారం. ఇది వ్యాపారం కాదు. మనిషి పోయాడు.

మే నెలలో ఒక పొద్దున ఆ మనిషి అద్దెకున్న ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, మీ సారు పోయినాడు. మిద్దె మీద గోనెసంచులు తడుపుతా పడిపోయినాడు. ఆసుపత్రికి పొయ్యేలోపలే అయిపాయ. ఆ చెట్లు నీ కాడ కొన్నెవే గదా, వచ్చి ఎత్తకపో. ఈ ఎండలకు వాటికి నీళ్లు పోసేటోళ్లు ఎవరుండారు?"

ట్రాలీ ఆటో మాట్లాడుకుని పోయాను. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. కర్నూలు నుంచి వచ్చిన తమ్ముడి కొడుకెవరో మిద్దె మెట్లు చూపించి పక్కకు తప్పుకున్నాడు. పచ్చ నెట్ కింద పదకొండు ఆర్కిడ్ కుండీలు. వాటి చుట్టూ కట్టిన గోనెసంచులు అప్పటికే ఎండి అట్టల్లా బిగుసుకున్నాయి. ఆకులకు దారాలు లేవు. దాదాపు మూడేళ్లపాటు ఆ మిద్దె మీద దారం లేని ఆకు ఉండేది కాదు. ఆ దారాలు ఏమిటో, ఎందుకు తెగాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డు ఇన్స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. పేరు రాయను. అందరం సారు అనేవాళ్లం. సన్నగా, ఎండకు కాలి నల్లబడి, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. చేలలో మొక్కమొక్కకూ వంగి చూసిన నడుము అది, మళ్లీ నిటారు కాలేదు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఆరంగుళాల స్టీలు స్కేలు. చేతికి ఏది వచ్చినా ముందు తిప్పి వెనకవైపు చూసేవాడు. హోటల్లో దోసె తెచ్చిపెడితే అంచు లేపి అడుగు చూసేవాడు. పెళ్లిపత్రిక ఇస్తే పేర్లు చదవకముందే వెనక్కి తిప్పేవాడు. ఒకసారి నేను నవ్వితే అన్నాడు:

"ఆకును యాపొద్దూ అడుగునుంచి సూడాలప్పా. పైపక్క అందరికీ నవ్వుతాది."

మొదటిసారి నా నర్సరీకి వచ్చిన రోజు బాగా గుర్తు. బెంగుళూరు వ్యానువాడు నలభై చిన్న ఆర్కిడ్ మొక్కల ట్రే ఒకటి నాకు వదిలించుకుని పోయాడు. హైబ్రిడ్. ఏ పువ్వు పూస్తుందో, ఏ రంగో చీటీ కూడా లేదు. నంద్యాల ఎండకు సగం అప్పుడే చచ్చాయి. ఈయన వచ్చి ట్రే ముందు వంగాడు.

"ఏందప్పా ఇది?"

నా నోరు ఊరుకుంటుందా? "ఆర్కిడ్ సార్. బెలుం గుహల లోపల, లైట్లు కూడా పోని మూలలో దొరికింది. ఎండ వద్దు, నీళ్లు వద్దు, మనిషి ఊపిరి తగిలితే చాలు."

ఆయన ఒక ఆకును రెండు వేళ్లతో తిప్పి చూశాడు. "ఇది చీకట్ల పెరిగిన ఆకు గాదు. ఎండకు కాగిందిది. వ్యాన్ల కిటికీ పక్కన పెట్టింటారు. సూడు, ఒక పక్కే మాడింది."

నేను ఇంకో కథ వెతుక్కుంటున్నాను. ఈలోగా ఆయన చూపు చెత్తబుట్ట మీద పడింది. అందులో నేను పారేసిన మొక్క ఒకటుంది. దాని ఒక్కగానొక్క ఆకు హార్మోనియం పెట్టె తిత్తిలా మడతలు మడతలుగా ముడుచుకుపోయింది.

"దీన్ని యాల పారేసినావ్?"

"అది పనికిరాదు సార్. ఆకు చూస్తే తెలుస్తాంది గదా."

"ఒక్క ఆకు సూసి చెప్తాండావా?" అన్నాడు. గొంతు మారింది. చిన్న మొక్క గురించి అడిగే గొంతు కాదది. బుట్టలోంచి దాన్ని తీసి, అరచేతిలో పెట్టుకుని, "ఇంకో ఆకు రానీ" అన్నాడు. దాంతోపాటు బతికున్నవన్నీ కొనుక్కుని పోయాడు. చివరికి పదకొండు నిలిచాయి. ముడతల ఆకుది కూడా అందులో ఉంది.

ఆ తర్వాత ఆదివారాలు నేనే ఆ మిద్దెకు పోవడం మొదలుపెట్టాను. ఎందుకు పోయేవాణ్ణంటే, నా అబద్ధాలను పరీక్ష చేసి చూసిన మనిషి ఆయన ఒక్కడే. "అమావాస్యకు పుట్టిన ఆకు పొట్టిదవుతుంది సార్" అని ఊరికే అంటే తలూపి రాసుకునేవాడు. నాలుగు నెలలు ఆగి, ఆకు పూర్తిగా విచ్చుకున్నాక, స్కేలు పెట్టి కొలిచి, ఎంతో మర్యాదగా చెప్పేవాడు: "నీ అమావాస్య తప్పప్పా. ఇది జానెడు పెరిగింది."

సీడు పత్తిలో, అంటే కంపెనీకి విత్తనాల కోసం పెంచే పత్తిలో, చేత్తో క్రాసింగ్ చేసిన పువ్వుకు దారం కడతారు. ఆ అలవాటు కొద్దీ ఈయన ప్రతి కొత్త ఆకు మొదలు దగ్గర ఒక దారం చుట్టేవాడు. ఆకు పుట్టిన కాలాన్ని బట్టి రంగు. ఎండాకాలం ఆకుకు ఎరుపు, వానలకు ఆకుపచ్చ, చలికి తెలుపు. ఆకును తెంపకుండానే కాగితం కింద పెట్టి, పెన్సిలుతో దాని అంచు చుట్టూ గీసుకునేవాడు. అన్ని కుండీలకూ ఒకే నీడ, ఒకే గ్లాసుతో నీళ్లు. అయినా ఆ మొక్కలు ఒక్కటీ మాట వినేవి కావు. ఒకదాని మొదటి ఆకు జానెడు, రెండోది నాలుగు వేళ్లు, మూడోది కొసన పాము నాలుకలా చీలింది, నాలుగోది మళ్లీ జానెడు. దాని పక్క కుండీలోనిది తమలపాకంత వెడల్పు. మూడో కుండీలోది అడుగున ఎర్రటి మచ్చలు వేసుకుని సన్నగా సాగిపోయింది. చెత్తబుట్టలోంచి తీసింది మాత్రం తర్వాత నున్నటి ఆకులే వేసింది, ఒక్క ముడతా లేకుండా.

"అన్నీ ఒక కాయలో గింజలే అన్నాడు గదా వ్యానోడు?" అని నేనడిగాను.

"ఒకే కాయ కావచ్చు. పత్తిలో తల్లి ఒకటే జాతి, తండ్రి ఒకటే జాతి. అందుకే పిల్లలన్నీ అచ్చు పోసినట్లొస్తాయి. దీంట్లో తల్లే హైబ్రిడ్డు, తండ్రీ హైబ్రిడ్డు, తాతలెవరో ముత్తాతలెవరో. ఏ ఆకుకు ఏ ముత్తాత గుర్తొస్తాడో ఎవురు చెప్తారు? అది బానే ఉంది. ఒక్క చెట్టుకే ఇన్ని తీర్ల ఆకులు యాలొస్తాయో అదీ నాకు గావాల్సింది."

ఈ మొక్క మూడు నాలుగు నెలలకు గాని ఒక ఆకు వేయదు. ఎదురుచూడటం ఆయనకు ఎంత అలవాటైందంటే, ఎందులోనైనా అదే మాట. టీకొట్టులో ఎవరి గెలుపు గురించి వాదించుకున్నా, "ఇంకో ఆకు రానీలేప్పా." నా తమ్ముడి కూతురికి వచ్చిన సంబంధం ఎట్లుందని అడిగితే, "ఇంకో ఆకు రానీ." డాక్టరు గుండె పరీక్ష చేయించుకోమన్నప్పుడు కూడా అదే అన్నాడు.

"సార్, మనిషికి ఆకులు రావు" అన్నాను నేను.

ఆయన టీగ్లాసు తిప్పి దాని అడుగు చూసుకున్నాడు.

ఒక ఆదివారం, ఆకుల బొమ్మలు గీసిన పుస్తకం రెండోది నిండింది. "ఎవరికి చూపిద్దామని సార్ ఇన్ని బొమ్మలు?" అన్నాను, ఎగతాళిగానే.

"ఒకామెకు" అన్నాడు.

నేను కొంటెగా ఏదో అనబోయాను. ఆయన ముఖం చూసి ఆగాను. అప్పుడు చెప్పాడు, ఒక్కొక్క మాటా తడుముకుంటూ.

పన్నెండేళ్ల కిందట, ఆళ్లగడ్డ అవతల ఒక పల్లెలో ఒక రైతు సీడు పత్తి పెట్టాడు. కంపెనీ ఇచ్చిన తల్లి విత్తనం వేయాలి. చేలో జాతి తప్పిన మొక్కలు కనబడితే వాటిని కేళీలంటారు, పూతకు ముందే ఏరేయాలి. కేళీలు మితిమీరితే చేను ఫెయిల్. అంతేకాదు, రైతు కంపెనీ విత్తనం బయట అమ్ముకుని నాటు గింజలు కలిపాడని అర్థం. ఈయన జీపు దిగి గట్టు మీద నిలబడి చూస్తే, వెడల్పుగా ఉండాల్సిన పత్తి ఆకులు సన్నగా, వేళ్లలాగా చీలి ఉన్నాయి. సాలుసాలుకూ అంతే.

"రైతు మొత్తుకున్యాడప్పా. సారూ, పది దినాల కింద బాగుండె, మీరిచ్చిన గింజలే సారూ, ఇంకో పది దినాలు సూడండి సారూ అని. నేను ఇనల్యా. నా కన్ను తప్పదని నాకు అంత నమ్మకం. గట్టు మీద నిలబడి, పక్క చేన్ల కూలోళ్లంతా ఇంటాంటే, గింజలు అమ్ముకున్యావు గదరా అన్యా. పక్క ప్లాట్లు చెడిపోతాయని ఆ వారమే చేను దున్నిచ్చినా."

రెండేళ్ల తర్వాత సిరివెళ్ల దగ్గర ఇంకో చేలో అదే ఆకు కనబడింది. ఆ రైతు మొండివాడు, దున్నించనివ్వలేదు. మూడు వారాలు తిరిగేసరికి పైనుంచి కొత్త ఆకులు వెడల్పుగా, చక్కగా వచ్చాయి. పక్కన జొన్నచేలో కలుపుమందు కొట్టారు, గాలికి ఆ మందు పత్తి మీద పడింది. ఆకులు చీలింది దానివల్ల. అప్పుడు ఈయనకు గుర్తొచ్చింది. ఆళ్లగడ్డ చేనికి కూడా పక్కన జొన్న ఉంది. జీపు దారి ఆ వైపే కాబట్టి ఆ వైపు సాళ్లే చూశాడు. అవతలి కొస దాకా నడవలేదు.

"జొన్న నా ఎడమపక్కనే ఉండె. తల తిప్పల్యా" అన్నాడు. ఆ మాట మూడుసార్లన్నాడు.

ఆళ్లగడ్డ రైతుకు మళ్లీ ఎవరూ సీడు ప్లాటు ఇవ్వలేదు. ఊళ్లో కల్తీవాడన్న పేరు. నాపరాయి ఫ్యాక్టరీలో పాలిష్ పనికి పోయి, ఆ దుమ్ము మింగి, దగ్గి దగ్గి పోయాడు. భార్య ఉంది. అదే ఊళ్లో.

"ఆమెకు చెప్పినారా సార్, మీదే తప్పని?"

"ల్యా. ఒట్టి మాటలు ఏమని చెప్పేది? ఒక చెట్టుకే ఆకు ఎన్ని తీర్లుగా వస్తాదో కండ్లకు సూపిచ్చాల. ఇంకో ఆకు రానీ, పోదాం."

"మీరు ఆగేది ఆకు కోసం కాదు సార్. భయం" అన్నాను. అబద్ధాలతో బతికేవాణ్ణి, ఆ ఒక్క పూట నిజం చెప్పాను. ఆయన ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. పై ఆదివారం నేను పోయేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాము నాలుక ఆకు ఉన్న కుండీని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"పోదాం పదప్పా" అన్నాడు.

జనవరి నెల. పల్లెవెలుగు బస్సులో కండక్టరు కుండీని చూసి, "పెద్దాయప్పా, దీనికి టికెట్టు కొట్టాల్నా?" అన్నాడు.

"పిల్లది గదన్నా, ఒళ్లో కూసునింది" అన్నాను నేను. బస్సంతా నవ్వింది, ఆయన తప్ప.

ముందు సీటులోని ముసలామె వెనక్కి తిరిగి, "బదనిక మాదిరుందే! చెట్ల మీద పెరిగేదాన్ని కుండీలో పెట్టి యాడికి ఎత్తకపోతాండారప్పా?" అంది. ఆయన వినిపించుకోలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, పెదవులు కదుపుతూ ఒకే పాఠం వల్లె వేస్తున్నాడు: "మీ ఆయన గింజలు అమ్ముకోల్యామ్మా. పక్కచేని మందు గాలికి పడింది. తప్పు నాది." ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన సగం చెక్కిన దేవుళ్లు, ఇంకా ముఖాలు రానివి, వరసగా నిలబడి ఉన్నాయి. అక్కడ ఆటో ఎక్కాం. ఆటోలోనూ అదే పాఠం.

ఊరి స్టాపు దగ్గర దిగాక ఆయన కాళ్లు కదల్లేదు. సిమెంటు బెంచీ మీద కూలబడ్డాడు. చొక్కా వీపంతా తడిసింది, ఆ చలికాలంలో.

"నువ్వు ముందు పోయి అడిగిరాప్పా. నన్ను రానిస్తాదో ల్యాదో" అన్నాడు.

అడుగుతూ పోయాను. ఆమె ఇంటి ముందర, ఎర్రటి మిరపకాయల కుప్ప దగ్గర కూర్చుని తొడిమలు తీస్తోంది. యాభై దాటి ఉంటాయి. నేను ఫలానా సారు వచ్చాడని, తప్పు తనదని ఒప్పుకోవడానికి వచ్చాడని చెప్పాను. ఆమె చేతులు ఆపకుండానే నవ్వింది. "ఎప్పటి మాటన్నా అది! నేనెప్పుడో మరిసిపోతి. ముసిలాయప్ప, ఈడిదాకా యాల కష్టపడేది? కోపమేం ల్యాదని చెప్పు. సల్లగా ఇంటికి పొమ్మను" అంది. నాకు చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

వెనక్కి వచ్చి ఆ మాటలు ఆయనకు చెప్పాను.

"ఆ మాటే అనిందా?"

"ఆ మాటే సార్."

"మొగం ఎట్ల పెట్టి అనింది?"

"నవ్వుతా అనింది."

ఆయన నా ముఖం చాలాసేపు చూశాడు. తర్వాత కుండీని నా చేతికిచ్చి, రెండు అరచేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. తిరుగుబస్సులో నా భుజం మీద తల వాల్చి, నంద్యాల వచ్చేదాకా నోరు తెరిచి నిద్రపోయాడు. మర్నాడు కత్తెర తీసుకుని పదకొండు కుండీల్లో ఉన్న దారాలన్నీ తెంపేశాడు. మళ్లీ కొలవలేదు, గీయలేదు. ఆ నాలుగు నెలలూ ఆయనకు ఒంట్లో బరువు తగ్గినట్టుండేది. నేను ఏవైనా కోతలు కోస్తే పుస్తకం తీయకుండా నవ్వేసేవాడు. మే నెలలో పోయాడు.

ఇక ఒప్పుకోవాల్సింది ఉంది. బెలుం గుహలు, గులాబీకి ఎక్కాలు చెప్పిన మాస్టారు, బస్సులో నా వేళాకోళం, అన్నీ జరిగినవే. నేను కల్పించింది ఒక్కచోటే. ఆమె నవ్వలేదు. మజ్జిగ ఇవ్వలేదు.

నేను సంగతి చెప్పగానే ఆమె చేతిలోని మిరపకాయ కింద పెట్టింది.

"వచ్చినాడా? యాడుండాడు?"

"స్టాపు కాడమ్మా. కాళ్లు రాక కూసున్యాడు."

"రాకుంటే నువ్వు ఎత్తుకోని రా. ఆ పొద్దు మా గట్టు మీద నిలబడి, నీ మొగుడు గింజలు అమ్ముకున్యాడని ఊరంతా ఇనేట్ల అన్యాడు. ఈ పొద్దు ఈడ నిలబడి, అమ్ముకోల్యా అని అట్లనే ఊరంతా ఇనేట్ల చెప్పల్ల. ఆయప్ప ఏడ్పు నాకు అక్కర్ల్యా. ఆ మాట గావాల. మా ఆయన ఆ మాట కోసమే సూసి సూసి పాయ. పోయి పిల్సకరా, నేనీడే ఉంటా."

ఊరంతా వినేట్లు. ఆయన అందుకోసమే వచ్చాడు. ఆ మాట నోట్లో పెట్టుకునే కూర్చున్నాడు. నేను వీధి మలుపు తిరిగి చూసేసరికి బెంచీ మీద ఆయన ముఖం పాలిపోయి, పెదవులు కదుపుతూ ఉన్నాడు. ఇక్కడే ప్రాణం పోతుందేమోననిపించింది. ఎదుట ఉన్న మనిషికి ఏది వినాలని ఉందో కనిపెట్టి అది చెప్పడమే నేను జీవితమంతా చేసిన పని. అదే చేశాను. అవతలినుంచి ఆటో కూడా వస్తోంది, దాన్ని ఆపాను. ఆ సంగతీ దాచను.

ఆయనకు నాలుగు నెలల నిద్ర ఇచ్చాననుకున్నాను. ఆమెకు రావాల్సిన మాటను దారిలో నేను కాజేశానని తెలియడానికి, కుండీలు ట్రాలీకి ఎక్కించే రోజు దాకా పట్టింది. ఆ మాట చెప్పాల్సిన నోరు ఇప్పుడు లేదు. రేపే ఆ ఊరికి పోతున్నాను అని ఇక్కడ రాసుకోవాలని ఉంది. కానీ ఇది రాయడం మొదలుపెట్టి మూడు వారాలైంది, ఇంకా పోలేదు.

ఆయన పోయాడని ఆమెకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.